తాడిపత్రి నుంచి నాయన రాసేది

పాపా,

మొన్న ఫోన్లో నువ్వు ఏడ్చింది ఇంకా నా చెవుల్లోనే ఉంది. నీ కొడుకు బడిలో ఒకచోట కూచోడని, పక్క పిల్లలను కొడతాడని టీచరమ్మ చెప్పిందని, నాలుగు తగిలిస్తే దారికొస్తాడని మీ ఇంట్లో అంటున్నారని చెప్పినావు. వాన్ని కొట్టనీయొద్దు తల్లీ. నీతో ఫోన్లో చెప్పలేకపోయిన మాట ఒకటుంది.

నువ్వు పెరిగింది బ్యాటరీ షెడ్డు వెనక రెండు రూముల్లో. రాళ్ల లారీల పాత బ్యాటరీలు విప్పి, ప్లేట్లు తీసి, ఇనుప మూకుట్లో సీసం కరిగించేవాన్ని. ఆ బూడిదంతా వాకిట్లోనే పడేది. నువ్వు ఆ మన్నుతోనే గుజ్జనగూళ్లు ఆడినావు. ఆ బూడిద పట్టిన పని గుడ్డలతోనే నిన్ను ఎత్తుకునేవాన్ని. మొదటి కాన్పుకు కూడా ఐదో నెల నుంచి నిన్ను ఆ ఇంట్లోనే పెట్టుకున్నాం.

పోయినేడు కడుపునొప్పని ఆసుపత్రికి పోతే, ఏం పని చేస్తావని డాక్టరు అడిగినాడు. పరీక్షలో నా రక్తంలో సీసం బయటపడింది. షెడ్డు మూసింది అందుకే. మోకాళ్ల నొప్పులని మీకు అబద్ధం చెప్పినా.

ఒంట్లోకి పోయిన సీసం ఎముకల్లో చేరి ఇరవై ముప్పై ఏళ్లైనా పూర్తిగా పోదంట. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కోసం తల్లి ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది, దాంతోపాటు సీసమూ రక్తంలోకి దిగుతుంది. కడుపులో బిడ్డకు తిండి అందించే మావి కూడా దాన్ని అడ్డుకోలేదు. అమెరికాలో సిన్సినాటి ఊళ్లో 1979లో మొదలుపెట్టి గర్భిణుల రక్తంలో సీసం కొలిచి, ఆ బిడ్డలు పెద్దయ్యేదాకా గమనించినారు. కడుపులో సీసం ఎక్కువ సోకినవాళ్లు పెద్దయ్యాక పోలీసు కేసుల్లో ఇరుక్కోవడం ఎక్కువగా కనిపించిందంట. అది తెలిసినాక నాకు రెండు రాత్రులు కన్ను మూతపడలేదు.

మనవాడి దుడుకుతనం సీసం వల్లేనని నేను చెప్పలేను. పిల్లలు అట్లుండటానికి కారణాలు నూరుంటాయి. కానీ పరీక్ష చేయించు, వాడికీ నీకూ. డెసిలీటరు (వంద మిల్లీలీటర్ల) రక్తంలో 5 మైక్రోగ్రాములుంటే చాలు, ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మీ డాక్టరమ్మతో నా పని సంగతి దాచకుండా చెప్పు. సిగ్గుపడాల్సింది నేను, నువ్వు కాదు.

ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉన్నావు, ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు మానొద్దు. అవి ఒంట్లో తక్కువైతే సీసం ఎక్కువ పడుతుంది. రాగిసంగటి, పాలు, మునగాకు తిను. కర్నూల్లో మీరుండే ఇల్లు పాతది, కిటికీల రంగు పెచ్చులూడుతోంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ ఇంటి పాత రంగులో సీసం ఉండొచ్చు. ఆ రంగు గీకొద్దు, కింద పడిన పొడి తడిగుడ్డతో తుడువు. వాడు చేతులు కడుక్కున్నాకే అన్నం పెట్టు.

ఈ కాన్పుకు నిన్ను ఆ ఇంటికి తీసుకురాను. వేరే వీధిలో ఇల్లు బాడుగకు మాట్లాడినా. మీ అమ్మ అక్కడికి పాత పరుపు కూడా తేనియ్యలేదు. పిల్లోడు ఆడుకోను మిద్దె మీద జాగా ఉంది.

మీ నాయన