కార్యదర్శి వార్షిక నివేదిక, 2025: పండగల కంటే పేపర్ల పనే ఎక్కువైన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, మొన్నటి సంక్రాంతి అన్నీ జరిగాయి. ఫొటోలు మీ అందరి ఫోన్లలో ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. కాబట్టి వాటి జోలికి ఎక్కువ వెళ్లను. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే మనవాళ్లకు ఈ ఏడాది మన తెలుగు సంఘం చేసిన అసలు పని వేరు. కమిటీకి వచ్చిన ఫోన్లలో హాలు బుకింగ్ గురించో, కూచిపూడి క్లాసుల గురించో అడిగినవి తక్కువ. "అన్నా, వీసా స్టేటస్ పోయింది, ఏం చేయాలి" అనేవే ఎక్కువ. అందుకే ఈసారి నివేదికలో సింహభాగం ఇమ్మిగ్రేషన్‌దే.

2025 జనవరి 20న ట్రంప్ కొత్త ప్రభుత్వం వచ్చిన రోజే పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీద ఉత్తర్వు వెలువడింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత ఇక్కడ పుట్టే బిడ్డ అమెరికా పౌరుడు కాడని దాని సారాంశం. సరిహద్దు దాటి వచ్చినవాళ్ల గురించే ఇదంతా అనుకున్న మన హెచ్-1బి (ఉద్యోగ వీసా) దంపతులు, అందులో తమ పేరూ ఉందని తెలిసి కంగారుపడ్డారు. నెలలు నిండకముందే ఆపరేషన్ చేయించుకోవచ్చా అని కమిటీని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. అది డాక్టర్‌ని అడగాల్సిన మాటని, కోర్టు తేదీ చూసుకుని కాన్పు పెట్టుకోవద్దని మాత్రం చెప్పగలిగాం. మూడు రోజుల్లోనే సియాటిల్‌లో ఫెడరల్ జడ్జి ఆ ఉత్తర్వును ఆపారు. జూన్ 27న సుప్రీం కోర్టు, కింది కోర్టులు దేశమంతటికీ వర్తించే స్టేలు ఇవ్వడానికి హద్దు గీసింది. జులై 10న న్యూ హాంప్‌షైర్ కోర్టు ఆ పిల్లలందరినీ ఒక వర్గంగా తీసుకుని మళ్లీ ఆపింది. డిసెంబర్ 5న సుప్రీం కోర్టు అసలు ప్రశ్నను విచారణకు తీసుకుంది. ఇది రాసేనాటికి తీర్పు రాలేదు. ఈలోగా పుట్టిన పిల్లల బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు ఆలస్యం చేయకుండా తీసుకోండని అందరికీ చెప్పాం.

ఉగాది మార్చి 30న. పచ్చడి గిన్నెలు కడగడం పూర్తికాక ముందే స్టూడెంట్ల ఫోన్లు మొదలయ్యాయి. మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా దేశవ్యాప్తంగా వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులను (విదేశీ విద్యార్థుల స్టేటస్ ఉండే ప్రభుత్వ రికార్డులు) ప్రభుత్వం రద్దు చేసింది. చాలామందికి కారణం చెప్పలేదు. యూనివర్సిటీలకే ముందు తెలియలేదు. కొందరి విషయంలో ఎప్పటిదో ఒక ట్రాఫిక్ కేసు, కోర్టు కొట్టేసిన కేసు కూడా సరిపోయింది. అమెరికన్ ఇమ్మిగ్రేషన్ లాయర్ల సంఘానికి వచ్చిన 327 ఫిర్యాదుల్లో సగం భారతీయ విద్యార్థులవే. కోర్టుల్లో వరసగా కేసులు పడ్డాక ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు పునరుద్ధరిస్తామంది. కానీ ఆ మధ్యలోనే భయపడి టికెట్ కొనుక్కుని హైదరాబాద్ వెళ్లిపోయిన పిల్లలున్నారు. వెళ్లకముందు ఒక్క లాయర్‌తోనైనా మాట్లాడి ఉంటే బాగుండేది. అందుకే అప్పటి నుంచి నెలకో ఆదివారం లాయర్‌ను పిలిపించి మాట్లాడిస్తున్నాం.

సెప్టెంబర్ 19 శుక్రవారం సాయంత్రం మీకు గుర్తుండే ఉంటుంది. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లన్న ప్రకటన అప్పుడే వచ్చింది. ఆదివారం ఈస్టర్న్ టైమ్ అర్ధరాత్రి దాటిన ఒక నిమిషం నుంచి అమలు. అదే ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. దసరాకి ఇండియా వెళ్లినవాళ్లు రిటర్న్ టికెట్ల కోసం, ఇక్కడ ఎయిర్‌పోర్టుకి బయల్దేరినవాళ్లు వెనక్కి రావడం కోసం పరుగులు పెట్టారు. శనివారమంతా బతుకమ్మ కమిటీ గ్రూపులో పూల గురించి ఒక్క మెసేజ్ లేదు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదని అధికారులు వివరణ ఇచ్చేసరికి డబ్బులు, నిద్ర రెండూ పోయాయి. మూడింతలు రేటు పెట్టి వెనక్కి వచ్చిన ఒక సభ్యుడు ఆదివారం సాయంత్రం నేరుగా సూట్‌కేసుతోనే హాలుకి వచ్చి ప్రసాదం తిన్నాడు.

సర్వసభ్య సమావేశంలో జరిగిన వాదన

ఫిబ్రవరి 5న నూట నాలుగు మంది భారతీయులను మిలిటరీ విమానంలో అమృత్‌సర్‌కి పంపినప్పుడు, చేతులకు, కాళ్లకు గొలుసులతో ఉన్న దృశ్యాలు అందరం చూశాం. ఆ తర్వాతి సమావేశంలో సంఘం దీనిమీద ఏమైనా అనాలా వద్దా అన్నదానిపై చర్చ చాలాసేపు నడిచింది. మినిట్స్‌లో రెండు లైన్లే ఉన్నాయి కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మనవాళ్లందరిదీ ఒకే అభిప్రాయం అని బయటివాళ్లు అనుకుంటే పొరపాటు. ఎనభైల్లో వచ్చి పౌరసత్వం తీసుకున్న పెద్దాయన ఒకరు, బోర్డర్ గట్టిగా ఉండాల్సిందేనన్నారు. ఆయన మొన్నటి ఎన్నికల్లో అందుకే ఓటేశానని దాచుకోకుండా చెప్పారు. 2013లో గ్రీన్ కార్డుకి ఫైల్ చేసి ఇంకా ఈబీ-2 (పెద్ద చదువులు ఉన్న ఉద్యోగుల కోటా) లైన్లో ఉన్న ఒక సభ్యురాలి కోపం ఇంకో రకం. ఏ దేశానికైనా గ్రీన్ కార్డుల్లో ఏడు శాతమే అన్న పరిమితి వల్ల తన డేట్ కదలడం లేదని, చట్టం పాటించినవాళ్లను ఎవరూ పట్టించుకోవట్లేదని ఆవిడ బాధ. "వాళ్లు డంకీ దారిలో వచ్చారు, మనకేం సంబంధం" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. డంకీ అంటే వీసా లేకుండా సరిహద్దు దాటే దొంగదారి.

అప్పుడు ఒక కుర్రాడు లేచాడు. మాస్టర్స్ చదువుతున్నాడు. "నేను లైన్లోనే వచ్చాను అంకుల్. వీసా ఇంటర్వ్యూకి మా నాన్న పొలం కాగితాలు తెచ్చాను. ఇక్కడ పోలీసు ఆపితే లైసెన్స్ చూపించడానికి కూడా చేతులు వణుకుతున్నాయి. నన్ను పట్టుకుంటే నా మాట వినేవాళ్లు ఉండాలి కదా" అన్నాడు. రెండు నెలలకే సెవిస్ రద్దులు మొదలయ్యాయి. ఆ కుర్రాడి రికార్డు కూడా పోయి, తిరిగి వచ్చింది.

తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదని కొందరు పాతవాళ్లు గుర్తుచేశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడ్డప్పుడు, అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ ఇంకా విచిత్రం. వల పన్నడానికి ఆ యూనివర్సిటీని పెట్టిందే ఇమ్మిగ్రేషన్ చూసే ప్రభుత్వ శాఖ, హోంలాండ్ సెక్యూరిటీ. క్లాసులు లేవు, లెక్చరర్లు లేరు. ఫీజులు మాత్రం కట్టించుకున్నారు. పట్టుబడిన విద్యార్థుల్లో అత్యధికులు తెలుగువాళ్లు, వాళ్లను చేర్పించి కమిషన్ తిన్నవాళ్లూ తెలుగువాళ్లే. అక్కడ తప్పు చేసినవాళ్లు లేరని ఎవరూ అనలేదు. అరెస్టయ్యాక వాళ్లకు భాష రాక, లాయర్ లేక, ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో తెలియకపోవడం గురించే చర్చ.

ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయర్‌ను ఇవ్వదు. ఇది క్రిమినల్ కేసులా కాదు, సొంతంగా పెట్టుకోవాలి. ఈ ఒక్క విషయం సగం మందికి తెలియదని ఆ రోజు బయటపడింది.

చివరికి చేతులెత్తించి తీర్మానం చేశాం. ఎన్ని వీసాలివ్వాలి, బోర్డర్ ఎలా ఉండాలి అన్నవాటి మీద సంఘం మాట్లాడదు, అక్కడ ఎవరి అభిప్రాయం వాళ్లది. అరెస్టైన మనిషికి లాయర్, ఇండియన్ కాన్సులేట్‌తో మాట్లాడే అవకాశం, మర్యాదగా చూడటం అనే వాటి మీద మాత్రం సంఘం గొంతెత్తుతుంది, ఆ మనిషి ఏ దారిలో వచ్చినా సరే. ఏకగ్రీవం కాలేదు. వ్యతిరేకించినవాళ్లు మెంబర్షిప్ మానుకోలేదు, అదీ సంతోషమే. కార్యదర్శిగా నా అభిప్రాయం కూడా రాయమన్నారు కాబట్టి: లైన్లో నిలబడ్డామన్న గర్వం నాకూ ఉంది, కానీ ఈ ఏడాది ఆ లైన్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రోజుకో రకంగా మారింది.

హక్కుల వర్క్‌షాపులు

మొదటి వర్క్‌షాపులో లాయర్ గారు రెండు కాగితాలు అందరికీ తిప్పి చూపించారు. రెండింటి మీదా వారెంట్ అని పెద్దక్షరాలతో ఉంది. ఒకటి హోంలాండ్ సెక్యూరిటీది, కింద సంతకం ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్‌ది. రెండోదాని మీద కోర్టు పేరు, జడ్జి సంతకం. తేడా చెప్పమంటే హాల్లో ఎవరూ చెప్పలేకపోయారు, ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉన్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్‌లతో సహా. అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ ప్రకారం మీరు ఒప్పుకోకుండా ఇంట్లోకి రావాలంటే జడ్జి సంతకం ఉన్న వారెంట్ కావాలని, తలుపు తీయకుండా కాగితాన్ని కింది సందులోంచి తోయమనో, కిటికీకి ఆనించి చూపించమనో అడగొచ్చని వివరించారు. ఈ నివేదిక రాస్తుండగానే, ఆఖరి డిపోర్టేషన్ ఆర్డర్ ఉన్నవాళ్ల ఇళ్లలోకి ఆఫీసర్ సంతకంతోనే బలవంతంగా వెళ్లొచ్చని ఐస్ (ఇమ్మిగ్రేషన్ అరెస్టులు చేసే) సంస్థ 2025 మే నెలలో లోలోపల మెమో ఇచ్చుకుందన్న వార్త బయటికొచ్చింది. అది కోర్టులో నిలబడుతుందో లేదో చూడాలి. తలుపు బద్దలుకొడితే అడ్డుపడకండి, ఒప్పుకోవట్లేదని నోటితో చెప్పండి, ఎవరెవరు వచ్చారో గుర్తుపెట్టుకోండి అన్నది లాయర్ గారి తాజా సలహా.

ఇంకో మాట. మౌనంగా ఉండే హక్కు ఉందని విని మనవాళ్లు కొందరు దాన్ని ఎక్కువ సాగదీశారు. పౌరులు కానివాళ్లు పద్దెనిమిదేళ్లు నిండితే తమ రిజిస్ట్రేషన్ కాగితం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలన్న చట్టం దశాబ్దాల నుంచీ ఉంది. ఏప్రిల్ 11 నుంచి దాన్ని గట్టిగా అమలు చేస్తామన్నారు. కాబట్టి ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు), ఈఏడీ (పని అనుమతి కార్డు), గ్రీన్ కార్డు, ఏది ఉంటే అది దగ్గర పెట్టుకోవాలి. అడిగితే చూపించాలి. ఎక్కడ పుట్టావు, ఎలా వచ్చావు, ఎక్కడ పని చేస్తున్నావు అనే మిగతా ప్రశ్నలకు లాయర్ వచ్చేదాకా ఆగొచ్చు. అబద్ధం మాత్రం ఎప్పుడూ చెప్పకూడదు.

ఈ నిబంధన అసలు ఇబ్బంది పెట్టింది మన అమ్మానాన్నలను. పొద్దున్నే స్వెటరు, మంకీ క్యాప్, స్పోర్ట్స్ షూస్ వేసుకుని కమ్యూనిటీ ట్రైల్ మీద నడిచే పెద్దవాళ్లకు జేబులో ఫోన్ ఉంటుంది, పాస్‌పోర్టు బీరువాలో ఉంటుంది. ఐ-94 అంటే ఏంటో వాళ్ల పిల్లలకే గుర్తులేదు. మా వాలంటీర్లు గుడి దగ్గర ఒక టేబుల్ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఐ-94 ప్రింటు తీసి, పాస్‌పోర్టు మొదటి పేజీ జిరాక్సుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. వెనకవైపు కొడుకు లేదా కూతురి నంబర్, కింద ఇంగ్లిషులో ఒక వాక్యం: నాకు ఇంగ్లిషు రాదు, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దాన్ని మంగళసూత్రానికి పిన్నుతో తగిలించుకుంటానంటే, వద్దమ్మా, పర్సులో పెట్టుకోండి అని ఒప్పించాల్సి వచ్చింది. ఈ ఏడాది సంఘం చేసినవాటిలో నాకు బాగా నచ్చిన పని ఇదే.

పవర్ ఆఫ్ అటార్నీ సాయంత్రానికి వచ్చినవాళ్ల సంఖ్య మేం అనుకున్నదాని కంటే ఎక్కువ. తల్లిదండ్రులిద్దరినీ ఒకేసారి పట్టుకుంటే పిల్లలను స్కూలు నుంచి ఎవరు తీసుకురావాలి అన్నదానికి కాగితం మీద పేరు రాయాలి. చాలా జంటలు అక్కడే ఆగిపోయాయి. అన్నదమ్ములు అట్లాంటాలోనో, అనకాపల్లిలోనో ఉంటారు. చివరికి పక్కింటి వాళ్ల పేరో, డాన్స్ క్లాసు టీచర్ పేరో రాసి, వాళ్లకు ఫోన్ చేసి అడిగి, నోటరీ చేయించుకుని వెళ్లారు. స్కూలు పికప్ లిస్టులో ఆ పేరు చేర్చారో లేదో ఓసారి చూసుకోండి.

గుళ్లు, బళ్లు, ఆసుపత్రుల దగ్గర అరెస్టులు చేయకూడదన్న పాత నియమాన్ని 2025 జనవరిలోనే ఎత్తేశారు. దానిమీద కోర్టుకెళ్లిన సంస్థల్లో శాక్రమెంటో గురుద్వారా కూడా ఉంది. మన దగ్గర గుడి మేనేజర్ గారితో కూర్చుని హాలు, వంటగది, ఆఫీసుల్లో ఏది అందరికీ తెరిచి ఉంటుందో, ఏది ఉండదో బోర్డులు పెట్టించాం. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

విద్యార్థులకు ఒక కటువైన మాట. షాపుల్లో చిన్న దొంగతనాలు, గ్యాస్ స్టేషన్లలో అనుమతి లేని క్యాష్ జాబులు ఇక మామూలు తప్పుల కింద పోవు. దొంగతనం కేసైతే వీసా రద్దవుతుందని ఢిల్లీలోని అమెరికా ఎంబసీ జులైలో బహిరంగంగానే హెచ్చరించింది. అలాంటి కేసులో కూడా లాయర్‌ను వెతికిపెడతాం, కానీ కథలు చెప్పి సంఘం లెటర్‌హెడ్ మీద క్యారెక్టర్ సర్టిఫికెట్ అడగొద్దు.

వచ్చే ఏడాదికి

టెక్సస్‌లో షెరీఫ్‌లు (కౌంటీ పోలీసు అధికారులు) ఫెడరల్ ఇమ్మిగ్రేషన్‌తో కలిసి పనిచేసేలా ఒప్పందాలు చేసుకోవాలన్న రాష్ట్ర చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన కౌంటీల్లో అది ఎలా ఉంటుందో చెప్పడానికి ఏప్రిల్‌లో మళ్లీ లాయర్ గారు వస్తున్నారు. అదే తేదీ నుంచి క్యాష్, మనీ ఆర్డర్ ద్వారా ఇండియాకి పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను పడుతోంది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు, కాబట్టి షాపుల్లో కట్టడం మానండి. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్య/భర్త, పిల్లల వీసా) వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తున్నారు. ఆ కారణంతో హైదరాబాద్, చెన్నైలలో వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగి, మన సభ్యులు కొందరు ఇంకా అక్కడే ఉండిపోయారు. వాళ్ల ఇళ్ల మెయిల్, ఇక్కడ ఉండిపోయిన పిల్లల సంగతి చూస్తున్న వాలంటీర్లకు కృతజ్ఞతలు. తప్పనిసరి కాకపోతే ఈ వేసవిలో స్టాంపింగ్ పెట్టుకోకండి.

అత్యవసర సంప్రదింపుల ఫారం ఇంకా సగం కుటుంబాలు ఇవ్వలేదు. అరెస్టైన మనిషి ఎక్కడున్నాడో ఐస్ వెబ్‌సైట్లో వెతకడానికి ఏ-నంబర్ (ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే నంబర్), పుట్టిన దేశం కావాలి. ఏ-నంబర్ లేనివాళ్లకు పుట్టిన దేశంతో పాటు, పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా కావాలి. మనవాళ్లకు ఇంటి పేరు ముందో వెనకో తేలేసరికి సగం రోజు పోతుంది. ఫారాలు సభ్యత్వ టేబుల్ దగ్గర ఉంటాయి. కవర్లో పెట్టి సీల్ చేసి ఇవ్వండి, అవసరం పడితే తప్ప తెరవం.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున
ఫిబ్రవరి 2026