బండిచక్రాల జో

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పిల్లాడి పరీక్షలు అయిపోయాయా? ఫోన్లో అయితే హడావిడిగా చెప్పేస్తానని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈమధ్య నా బుర్రనిండా జోసెఫ్ హెచ్. లూయిస్ అనే పాత హాలీవుడ్ డైరెక్టరే.

కౌబాయ్ అంటే మనకి 1971లో వచ్చిన కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' కదా! ఈయన అంతకు చాలా ముందే, 1937లో, యూనివర్సల్ స్టూడియోలో బాబ్ బేకర్ అనే పాటలు పాడే కౌబాయ్‌తో మొదలెట్టాడు. అన్నీ గంటలోపు సినిమాలే. డబ్బులుండవు, షూటింగ్ రోజులూ ఉండవు. కథ చూసేవాళ్లకి ముందే తెలుసు. ఇంకొకరైతే ఏదోలా చుట్టేసేవారు.

ఈయనేం చేసేవాడో తెలుసా? లొకేషన్‌కి రకరకాల బండిచక్రాలు పట్టుకెళ్లేవాడు. ఇద్దరు నిలబడి మాట్లాడుకునే చప్పటి సీన్ వచ్చిందంటే చాలు, కెమెరా ముందు ఓ చక్రం పెట్టించి, దాని ఊచల సందుల్లోంచి తీసేవాడు. ఎడిటర్లు తలలు పట్టుకుని 'వాగన్ వీల్ జో' అని పేరు పెట్టేశారు. ఆయనా ఎడిటింగ్ గదిలోంచి వచ్చినవాడే మరి! చిల్లర డబ్బులిచ్చి టికెట్ కొన్నవాడికి ఏదో ఒకటి కొత్తగా చూపించాలన్న ఆ పట్టుదల చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

1950 నాటి 'గన్ క్రేజీ' వెస్టర్న్, అంటే కౌబాయ్ సినిమా కాదుగానీ, తప్పకుండా చూడు. బ్యాంకు దోపిడీ సీనుంది. కెమెరాని కారు వెనకసీట్లో పెట్టి, ఊళ్లోకి రావడం దగ్గర్నుంచి పారిపోవడం దాకా ఒక్క కట్ లేకుండా లాగేశాడు. బ్యాంకు లోపలికి వెళ్లనే వెళ్లడు! హీరో లోపలుంటే మనం బయట కార్లో కూర్చుని టెన్షన్ పడుతుంటాం. బ్యాంకు సెట్ ఖర్చూ మిగిలింది, సీనూ అదిరింది.

ఇక ఆయన ఆఖరి సినిమా, 1958లో వచ్చిన 'టెర్రర్ ఇన్ ఎ టెక్సస్ టౌన్'. రాసింది డాల్టన్ ట్రంబో. కమ్యూనిస్టని బ్లాక్‌లిస్టులో పెట్టారు కాబట్టి తెరమీద ఆయన పేరు లేదు. భూమి కింద చమురుందని పేద రైతుల్ని వెళ్లగొట్టే ఆసామి, వాడి కిరాయి గన్‌మ్యాన్, వాళ్ల చేతిలో తండ్రిని పోగొట్టుకున్న స్వీడిష్ నావికుడు. ఆ నావికుడు, అంటే ఆ వేషం వేసిన స్టెర్లింగ్ హేడెన్, తిమింగలాల్ని వేటాడే ఈటె భుజానేసుకుని నడివీధిలో నడుచుకుంటూ తుపాకీ మీదకి వస్తాడు చూడు, ఒళ్లు గగుర్పొడుస్తుంది!

తర్వాత 'ది రైఫిల్‌మ్యాన్' లాంటి టీవీ సీరియళ్లు తీసి, అరవైల్లో రిటైరయ్యాడు. 2000లో పోయాడు.

ఒక్క సంగతి మాత్రం మనిద్దరం తేల్చుకోవాలి. ఆ ఈటె పోరాటాన్ని సినిమా మొదట్లోనే కాస్త చూపించి, ఆపేసి, అప్పుడు కథ చెప్తాడు. నాకైతే అదే సరైన పద్ధతనిపించింది. నీకెలా ఉందో చూసి రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి