జిగట వదిలింది: నాన్నగారి కారును బాగుచేసిన నలుగురికి కృతజ్ఞతలు

పనసపండు ఒలిచిన చేయి ఎలా ఉంటుందో మనకందరికీ తెలుసు. ఏది ముట్టుకున్నా అంటుకుంటుంది, సబ్బుతో ఎంత రుద్దినా వదలదు. కొన్నేళ్లుగా మా నాన్నగారి కారులో బటన్లు, స్విచ్చులు అన్నీ అలాగే ఉండేవి. కిటికీ అద్దం దించాలన్నా, ఏసీ వేయాలన్నా వేలికి నల్లటి బంక అంటుకునేది. పోయిన ఆదివారంతో ఆ బాధ తీరింది. తీర్చినవారు నలుగురు. వారి పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు కానీ, చేసిన మేలు అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆ కారును నాన్నగారు 2008లో, ఉద్యోగ విరమణకు ఒక ఏడాది ముందు కొన్నారు. విశాఖపట్నంలో మా అపార్ట్‌మెంటుకు నీడనిచ్చే పార్కింగ్ లేదు. పదహారేళ్లకు పైగా ఆ కారు ఎండలోనే, సముద్రపు గాలిలోనే నిలిచింది. బటన్లు మొదట కాస్త మెత్తబడ్డాయి. తర్వాత వేలిముద్రలు పడసాగాయి. చివరికి గోరు తగిలితే చాలు, పైపొర పేస్టులా లేచి వచ్చేది.

మేమంతా దాన్ని మురికే అనుకున్నాం. చాక్లెట్ తిన్న చేతులతో పిల్లలు ముట్టుకున్నారని నాన్నగారు అనుకున్నారు, ఒకటి రెండుసార్లు గట్టిగా కోప్పడ్డారు కూడా. ఆ తర్వాత మా అమ్మాయి తాతగారి పక్కన ముందు సీటులో కూర్చోవడం మానేసింది. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

శుభ్రం చేయడానికి మేము చేయని ప్రయత్నం లేదు. సబ్బునీళ్లతో తుడిచాం. నిమ్మచెక్కతో రుద్దాం. డ్యాష్‌బోర్డుకు పూసే పాలిష్ కొట్టాం. అంటుకోకుండా ఉంటుందని టాల్కమ్ పౌడర్ చల్లితే, అది బంకలో కలిసిపోయి తెల్లటి మరకలుగా గట్టిపడింది. 2020లో కరోనా భయంతో అమ్మ నెలల తరబడి రోజూ శానిటైజర్ జెల్‌తో ఆ స్విచ్చులన్నీ తుడిచింది. ఏం చేసినా జిగట పెరిగిందే తప్ప తగ్గలేదు. సర్వీసింగ్‌కు ఇచ్చినచోట అడిగితే మొత్తం ప్యానెళ్లు మార్చాలన్నారు. పాత మోడల్ కాబట్టి అవి దొరికే హామీ లేదని కూడా చెప్పారు.

ఒక సాయంత్రం విజయనగరం నుంచి వస్తుండగా వర్షం పట్టుకుంది. నాన్నగారి వైపు అద్దం సగంలో ఆగిపోయింది. నొక్కిన స్విచ్చు లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. ఆయన తడిసి ఇల్లు చేరారు. ఇక కారు అమ్మేద్దామన్నారు.

మర్నాడు పార్కింగ్‌లో తలుపులు తీసి ఆరబెడుతుంటే, మూడో అంతస్తులో ఉండే మాస్టారు వచ్చారు. కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. ఏసీ బటను మీద వేలు పెట్టి చూసి, "కడిగితే తగ్గిందా, పెరిగిందా?" అని అడిగారు. పెరిగిందన్నాను. "అయితే ఇది పైనుంచి అంటుకున్నది కాదమ్మా. దీని పూతే పాడైపోతోంది" అన్నారు.

ఆ ఒక్క మాటతో ఇన్నేళ్ల అయోమయం విడిపోయింది. ఆ కాలపు కార్లలో చాలావాటికి గట్టి ప్లాస్టిక్ మీద రబ్బరులా మెత్తగా తగిలే పూత వేసేవారట. ఆ పూత పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ రకానిది. గాలిలోని తేమ ఏళ్ల తరబడి దానిలోకి చేరి, పాలిమర్ గొలుసులను, అంటే పూతను గట్టిగా పట్టి ఉంచే పొడవాటి అణువులను, మధ్యలో తెంచుతుంది. పాఠ్యపుస్తకాల్లో జలవిశ్లేషణ అని చదువుకున్నది ఇదే. తెగినచోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగతా గొలుసులు ఇంకా వేగంగా తెగేలా చేస్తుంది. పొడవాటి గొలుసులు ముక్కలైతే గట్టి పొర కాస్తా బంక అవుతుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా జరుగుతుంది. అటకమీద పెట్టెలో దాచిన మంచి బూట్లు కొన్నేళ్లకు తీసి తొడుక్కుంటే అడుగు పొడిపొడిగా రాలిపోతుంది చూడండి, అక్కడ కూడా చాలాసార్లు జరిగేది ఇదేనని ఆయన చెప్పారు. అమ్మ వాడిన శానిటైజర్‌లోని ఆల్కహాలు ఆ పూతను కొద్దికొద్దిగా కరిగించి అక్కడే వదిలింది, జెల్‌లోని చిక్కటి పదార్థం దానికి తోడైంది.

పాడైన పూతను మళ్లీ బాగుచేయడం కుదరదు, పూర్తిగా తీసేయడమే మార్గమన్నారు మాస్టారు. అందుకు ఆయన సూచించింది ఐసోప్రొపైల్ ఆల్కహాలు. సెల్‌ఫోన్ రిపేరు చేసేవారు బోర్డులు కడగడానికి వాడేదే. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తీసే ద్రవం దగ్గరకు కూడా రానివ్వవద్దని మరీమరీ చెప్పారు. గోళ్ల రంగు తీసే ద్రవాల్లో చాలావాటిలో అసిటోన్ ఉంటుంది. అది పూతతో ఆగకుండా కింది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. నేను ఆ సీసా అప్పటికే సంచిలో పెట్టుకుని ఉన్నాను. మాస్టారూ, ఆ రోజు మీరు ఆపకపోతే ఆ స్విచ్చులు ఏమయ్యేవో తలచుకుంటేనే గుండె జారుతుంది.

ఆయన ముందుగా సామాన్ల అర మూత లోపలివైపు, ఎవరికీ కనబడనిచోట, చుక్క వేసి చూశారు. ప్లాస్టిక్ చెక్కుచెదరలేదు. ఆ ద్రవం ఆవిరి మామూలు గది వేడిలోనే అంటుకోగలదు కాబట్టి, నాలుగు తలుపులూ తీసి ఉంచమన్నారు, దగ్గర్లో అగ్గిపుల్ల గీయవద్దన్నారు, చేతులకు తొడుగులు వేసుకోమన్నారు. ద్రవాన్ని ఎప్పుడూ బటను మీద పోయకూడదు, గుడ్డకే పట్టించాలి.

రెండో కృతజ్ఞత ఆటోనగర్‌లోని ఎలక్ట్రీషియన్ తమ్ముడికి. అద్దం స్విచ్చు సంగతి వేరని పసిగట్టింది అతనే. పైన బంకగా ఉండటం ఒక జబ్బు, నొక్కితే తిరిగి లేవకపోవడం ఇంకొకటి అన్నాడు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఇనుప పనిముట్టు తగలకుండా ప్లాస్టిక్ బద్దతో తలుపు ప్యానెల్ లేపాడు. లోపల ఎప్పుడో ఒలికిన చెరకు రసం పాకంలా గట్టిపడి ఉంది. రాగి రేకులకు పచ్చగా చిలుము పట్టింది. కాంటాక్ట్ క్లీనర్‌తో, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్క రేకూ తుడిచి ఆరబెట్టి బిగించాడు. స్టీరింగ్ మీది బటన్లను విప్పమంటే మాత్రం ససేమిరా అన్నాడు. వాటి వెనుక ఎయిర్‌బ్యాగ్ ఉంది, సరైన పద్ధతి, పరికరాలు లేకుండా చేయి పెట్టకూడదన్నాడు. పని రాదని ఒప్పుకోవడానికి వెనకాడని మనిషి చేతిలో బండి పెట్టడం ఎంత నిశ్చింతో ఆ రోజు తెలిసింది. తమ్ముడూ, రెండు గంటలు కూర్చుని నువ్వు తీసుకున్నది చాలా తక్కువ. మిగతాది నేను మరిచిపోను.

పూత తీయడం అసలైన చాకిరీ. విజయనగరం నుంచి వచ్చిన మా వదిన ఆదివారం మొత్తం దానికే ఇచ్చింది. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లలు రెండు డబ్బాలు అయిపోయాయి. ఆల్కహాలుతో తడిపిన గుడ్డ అర నిమిషం ఆనించి ఉంచాలి, మెత్తబడ్డాక ఒకే దిక్కుగా తుడవాలి, గుడ్డ నల్లబడగానే మార్చాలి. మార్చకపోతే తీసిన బంకనే మళ్లీ పూసినట్లవుతుంది. ఒక్కొక్క బటనుకు పావుగంట పట్టింది. వదిన వేళ్లు నొప్పెట్టినా లేవలేదు. తలుపు పిడి అడుగున తారులా పేరుకున్నది కూడా వదలకుండా తీసింది. వదినా, నీ ఓర్పుకు నా దగ్గర మాటల్లేవు.

ఏసీ బటన్ల దగ్గర మరో చిక్కు వచ్చింది. అవి నిజానికి తెల్లటి ప్లాస్టిక్ బటన్లు. పైన నల్ల రంగు వేసి, గుర్తు ఉన్నచోట మాత్రం ఆ రంగును లేజర్‌తో తీసేస్తారు. రాత్రిపూట దీపం వెలుతురు ఆ సందులోంచే వస్తుంది. జిగటతోపాటు నల్ల రంగు కూడా ఊడితే గుర్తులన్నీ పోతాయి. మాస్టారు ముందే హెచ్చరించడంతో ప్రతి బటనుకూ ఫొటో తీసి ఉంచాను. ఎంత జాగ్రత్తగా చేసినా ఐదు బటన్లు తెల్లబడ్డాయి.

వాటిని నిలబెట్టింది మా వీధి చివర రేడియం షాపు అబ్బాయి. బండ్ల మీద పేర్లు, నంబర్లు అంటించే ఆ అబ్బాయి నా ఫొటోలు చూసి కంప్యూటర్‌లో గుర్తులు గీశాడు. వెలుతురు చొరబడని నల్ల స్టిక్కర్‌లో ఫ్యాను, బాణం గుర్తులను ఖాళీగా కత్తిరించాడు. సెంటీమీటరు కూడా లేని ముక్కల్లోంచి సూదిమొనతో ఆ సన్నటి రేకులను ఏరి తీశాడు. మూడుసార్లు చిరిగాయి, నాలుగోసారి కుదిరాయి. "ఇంత చిన్న పని ఎప్పుడూ చేయలేదు మేడమ్, నాకే చూడాలని ఉంది" అంటూ చీకటి పడేదాకా ఆగి, దీపం వెలిగించి చూసి వెళ్లాడు. ఎర్ర త్రికోణం ఉన్న హజార్డ్ బటను మీద రంగు పోలేదు. ఆపదలో వెతుక్కునే బటను అదే కాబట్టి నాకు అన్నిటికన్నా ముందు ఊరట కలిగింది.

స్టీరింగ్ బటన్ల అంచుల్లో కాస్త జిగట ఇంకా ఉంది. విప్పకుండా తీయగలిగినంతే తీశాం. బటన్లకు మునుపటి మెత్తదనం లేదు, గట్టి ప్లాస్టిక్‌లా తగులుతున్నాయి. నాన్నగారికి అదే నచ్చింది.

సోమవారం ఉదయం ఆయన మా అమ్మాయిని పిలిచి, "అది నీ చేతి మురికి కాదమ్మా, ఎండకీ తేమకీ పాడైంది. నిన్ను అనవసరంగా కోప్పడ్డాను" అన్నారు. ఇద్దరూ కలిసి సింహాచలం వెళ్లి వచ్చారు. అమ్మాయి ముందు సీటులోనే కూర్చుంది. దారి పొడవునా అద్దం దించుతూ ఎత్తుతూనే ఉందట, తాతగారు ఒక్క మాట అనలేదట.

తెచ్చిన ఆల్కహాలు సగం సీసా మిగిలింది. బిగించి, పిల్లలకు అందనిచోట పెట్టాను. మన అపార్ట్‌మెంటులో పాత కారు ఉన్నవారు ఎవరికైనా కావాలంటే మా ఇంటికి వచ్చి తీసుకువెళ్లండి. దూది పుల్లలు మాత్రం మీరే తెచ్చుకోవాలి, మా ఇంట్లో ఒక్కటీ మిగలలేదు.