వార్షిక నివేదిక 2025-26: బడి పిల్లల ఆటల్లో వడదెబ్బ నివారణ పనులు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, తల్లిదండ్రులకు, ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చున్న మన పాత ఆటగాళ్లకు నమస్కారం. నిబంధనావళి ప్రకారం ఏడాది పనుల నివేదికను కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను.

సంఘం ఆశయాలు మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. ఈ ఏడాది కార్యవర్గం తొమ్మిదిసార్లు సమావేశమైంది, మరో రెండుసార్లు కోరం లేక వాయిదా వేసుకున్నాం. ఏప్రిల్, మే నెలల్లో వేసవి శిబిరం దగ్గర చలివేంద్రం నడిపాం. శిబిరం వేళలు ఉదయం 8 గంటల లోపు, సాయంత్రం 5 దాటాక మాత్రమే ఉండాలని పట్టుబట్టాం. కోచ్‌లు మొదట గొణిగినా ఒప్పుకున్నారు, వారికి ధన్యవాదాలు. ఉప్పు, నిమ్మరసం కలిపిన మజ్జిగ రోజూ ఇళ్ల నుంచి పంపిన తల్లులందరికీ ఈ సభ తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ మజ్జిగ కుండ ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు.

అసలు విషయానికి వస్తాను. రోహిణి కార్తెలో పిల్లల్ని ఎండలో పరిగెత్తించమని ఎవరూ అనరు. 2015 మే నెల మనకింకా గుర్తుంది. ఆ వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. మే అంటే మనకు భయం ఉంది, ఆ భయమే మనల్ని కాపాడుతోంది. ఆ భయం లేని నెలలు రెండున్నాయి. ఒకటి బడులు తెరిచే జూన్, రెండోది మండల స్థాయి ఎంపిక పోటీలు జరిగే సెప్టెంబరు. మనలాంటి కోస్తా ఊళ్లలో ఎండ 37 డిగ్రీలకు తగ్గకుండా, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటేనే వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పుగా లెక్కిస్తుంది. సెప్టెంబరులో బందరులో 34 ఉంటుంది. ఏ హెచ్చరికా రాదు. గాలిలో తేమకు ఒంటి మీద చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కబడ్డీలో కూత పెట్టి వెళ్లిన కుర్రాడి కండరాల్లో పుట్టే వేడి బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది.

అందుకే ఈ ఏడాది మైదానంలో వాడటానికి తడి బల్బు (తడి గుడ్డ చుట్టినది), పొడి బల్బు (మామూలుది) థర్మామీటర్ల జత ఒకటి కొన్నాం. ఆటగాళ్లకు తగిలే ఎండ తీవ్రతను కొలిచే అంతర్జాతీయ లెక్కలో పదింట ఏడు పాళ్లు తడి బల్బుదే, మామూలు ఉష్ణోగ్రతది ఒక్క పాలు. మిగతా రెండు పాళ్లు నేరుగా తగిలే ఎండవి. 1950లలో అమెరికా సైన్యపు శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు వడదెబ్బకు పడిపోతుంటే కట్టిన లెక్క అది. పూర్తి పరికరానికి మన దగ్గర డబ్బు లేదు. ఈ జత చూసుకుని తడి బల్బు ఎక్కువ చూపిన రోజు ఆట తగ్గించమని మాస్టార్లకు చెప్పగలుగుతున్నాం.

ఇక ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవలసింది జూన్ మొదటి ఆదివారం జరిగిన శిక్షణ. 23 మంది పీఈటీ మాస్టార్లు, 40 మందికి పైగా తల్లిదండ్రులు వచ్చారు. గిలకలదిండి నుంచి ఐసు దిమ్మలు ఆటోలో తెప్పించి, గోనె సంచుల్లో వేసి సుత్తులతో కొట్టాం. ధాన్యం మీద కప్పే బరకం ఒకటి పరిచి, మన సంయుక్త కార్యదర్శి గారే రోగిగా పడుకున్నారు. ఆరుగురు బరకం అంచులు ఎత్తి తొట్టిలా పట్టుకుంటే ఇద్దరు ఐసు నీళ్లు పోశారు, ఒకరు నీళ్లు కలియతిప్పుతూ ఉన్నారు, మరొకరు తల పట్టుకుని ముక్కూ నోరూ మునగకుండా చూశారు. అంతా సిద్ధం కావడానికి మొదటిసారి ఏడు నిమిషాలు పట్టింది. నాలుగోసారికి రెండు నిమిషాలకు తెచ్చాం.

శిక్షణ ఇచ్చిన వైద్యులు ఒకటే మాట పదేపదే చెప్పారు: ముందు చల్లార్చండి, తర్వాత తరలించండి. ఆటలో వచ్చిన వడదెబ్బకు లోపలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పడిపోయిన అరగంటలోపు దాన్ని 39 దాకా దించగలిగితే పిల్లాడు దాదాపు ఎప్పుడూ దక్కుతాడు. ఐసు నీళ్లలో ముంచితే నిమిషానికి డిగ్రీలో ఐదో వంతు దిగుతుంది. ఆ పని మైదానంలోనే మొదలవ్వాలి. ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి పరిగెత్తితే ఆ అరగంట దారిలోనే అయిపోతుంది.

ఒక తల్లి లేచి, "ఒళ్లు కాలిపోతుంటే చన్నీళ్లు పోస్తే సంధి కొడుతుందంటారు కదండీ" అని అడిగారు. మన అందరి ఇళ్లలో ఉన్న భయమే అది. డాక్టరు గారు, "సంధి మాటలు వడదెబ్బ వల్లే మొదలయ్యాయమ్మా, చన్నీళ్లు పోస్తేనే తగ్గుతాయి" అన్నారు. జ్వరం మాత్ర వేస్తే సరిపోదా అని ఇంకొకరు అడిగారు. ఇది జ్వరం కాదు, పారాసిటమాల్ దీన్ని దించదని విడమరిచి చెప్పారు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దని, నుదుటి మీద పెట్టే థర్మామీటరు తక్కువ చూపించినా నమ్మొద్దని, మాట, నడక, చూపు గమనించమని చెప్పారు. జేబులో ఉల్లిపాయ పెట్టుకునే పెద్దల అలవాటు గురించి కూడా అడిగారు. ఉల్లిపాయ జేబులో ఉందని ధైర్యం తెచ్చుకుని నీళ్లు మానెయ్యొద్దన్నారు.

ఆ శిక్షణ సెప్టెంబరులో పనికొచ్చింది. పిల్లాడి పేరు, బడి పేరు రాయడం లేదు. కబడ్డీలో బరువు పరిమితిలో ఇమడాలని అతను ముందురోజు సాయంత్రం నుంచి నీళ్లు ముట్టలేదు, పొద్దున జెర్కిన్ వేసుకుని పరిగెత్తాడు. మధ్యాహ్నం రెండో మ్యాచ్‌లో ఉన్నట్టుండి వెళ్లి ఎదుటి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. స్కోరెంతని అడిగితే వాళ్లమ్మ ఫోను నంబరు చెప్పాడు. బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు, గ్లూకోజు పట్టండి" అన్నారు. ముసలివాళ్లకు ఇంట్లో వడదెబ్బ తగిలితే ఒళ్లు పొడిబారుతుంది గాని, ఆడుతూ పడిపోయిన పిల్లలకు చెమట కారుతూనే ఉండొచ్చు. దర్జీ పని చేసుకునే మన సభ్యుడొకరు ఆ తేడా జూన్‌లో విని గుర్తుపెట్టుకున్నారు. ఎవరి మాటా వినకుండా బరకం పరిపించారు. 108 కి ఫోను చేశాక అది వచ్చేలోగా, వచ్చాక కూడా కొంతసేపు ఐసు నీళ్లు ఆపలేదు. పదహారో నిమిషంలో పిల్లాడు వణకడం మొదలుపెట్టి, తన పేరు చెప్పి, మ్యాచ్ ఏమైందని అడిగాడు. మూడో రోజు ఇంటికి వచ్చాడు. వైద్యుడు అనుమతి ఇచ్చేదాకా మైదానంలోకి రానివ్వలేదు, ఆ తర్వాత కూడా మెల్లగా మొదలుపెట్టించాం. ఆ సభ్యుడు పేరు చదవొద్దని కోరారు. ఆయన ఈ హాల్లోనే ఉన్నారు, అందరూ ఒకసారి చప్పట్లు కొట్టండి.

ఆ రోజు డ్యూటీ పట్టికలో మన వాళ్లవి 14 పేర్లున్నాయి. వచ్చింది ముగ్గురు. బరకం పట్టుకోవడానికి చాలక, ప్రేక్షకుల్లోంచి ముక్కూమొహం తెలియని నలుగురు యువకుల్ని పిలవాల్సి వచ్చింది. ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను. పెళ్లిళ్లు, పనులు అందరికీ ఉంటాయి. రాలేమని ముందురోజు ఒక్క ఫోను చేస్తే చాలు.

అధికారుల గురించి కూడా చెప్పాలి. మైదానంలోని మరుగుదొడ్డి తాళం పోటీల రోజుల్లో తీసి ఉంచమని ఈ ఏడాది మూడుసార్లు రాతపూర్వకంగా కోరాం. జవాబు రాలేదు. ఇది చిన్న విషయం కాదు. మరుగుదొడ్డి లేదని ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఖోఖో ఆడుతున్నారు. బడుల్లో నీళ్లు తాగమని గుర్తుచేసే వాటర్ బెల్ కొడుతున్నా, మైదానానికి వచ్చేసరికి ఆ పిల్లలు సీసా మూత తియ్యడం లేదు. ఏ థర్మామీటరూ దీన్ని పట్టుకోలేదు, వాళ్లను అడిగితేనే తెలిసింది.

ఓఆర్ఎస్ విషయం కూడా ఒకటుంది. మైదానం పక్క దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరుతో చక్కెర పానీయాలు అమ్మేవారు, మనమూ ఒకప్పుడు కొనిపెట్టాం. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఏళ్ల పోరాటం తర్వాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. మందుల షాపులో దొరికే పొడి ప్యాకెట్ మీద ఆ ఫార్ములా ఉందో లేదో చూడండి, ప్యాకెట్ మీద రాసిన కొలతకు సరిగ్గా అన్ని నీళ్లే కలపండి.

మాస్టార్లు ఒప్పుకున్న మార్పు మరొకటుంది. సెలవుల తర్వాత ఒళ్లు మళ్లీ ఎండకు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రెండు వారాలు సాధన సగం నుంచి మెల్లగా పెంచుతున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు శిక్షగా రౌండ్లు కొట్టించడం ఆరు బడుల్లో మానేశారు. మిగిలిన బడుల్లో మన మాట ఇంకా చెల్లలేదు. జ్వరమో విరేచనాలో తగ్గి ఆ వారమే బడికి వచ్చిన పిల్లలకు ఈ శిక్ష ప్రమాదకరమని మళ్లీ వెళ్లి చెబుతాం.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది. ఆడిటరు గారు సంతకం చేశారు. చందాలు గత ఏడాది కంటే తగ్గాయి, థర్మామీటర్ల జత ఖర్చు పోగా మిగిలింది తక్కువే. బాకీ ఉన్నవారు కోశాధికారి గారిని కలవగలరు.

ఐసు దిమ్మలకు ఒక్క రూపాయి తీసుకోని ఫ్యాక్టరీ యజమాని గారికి, బరకాలు ఇచ్చిన రైసు మిల్లు వారికి, ఆదివారం సెలవు వదులుకుని వచ్చిన వైద్యులకు, నర్సులకు, ఉచితంగా తిరిగిన ఆటో సోదరులకు, హాలు ఇచ్చిన కల్యాణ మండపం వారికి, నా కోపాలు భరించిన కార్యవర్గానికి కృతజ్ఞతలు.

బడులు తెరిచాక మొదటి రెండు వారాల డ్యూటీ పట్టిక బల్ల మీద ఉంది. ఉదయం ఇద్దరు, సాయంత్రం ముగ్గురు కావాలి. ఇప్పటికి ఎనిమిది పేర్లే పడ్డాయి. రెండు బరకాలు, ఐసు పెట్టె నా ఇంట్లోనే ఉన్నాయి, తాళం చెవి ఒకటి దర్జీ గారి దుకాణంలో ఉంటుంది. పేరు రాసేవారు ఫోను నంబరు కూడా రాయండి.

కార్యదర్శి