వాటర్‌ప్రూఫ్ బూట్లు నీళ్ళలో వాడకూడదా?

తేదీ: 20-01-2025

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

విషయం: రెండు జతల లైనింగ్ గంబూట్లు పాడైపోవడం, వారంటీ తిరస్కరించడం గురించి.

అయ్యా,

జనవరి 8న మీ దగ్గర్నుంచి నాకొక మెయిల్ వచ్చింది. ఫోటోలు చూసి, ఉత్పత్తిని నీటిలో వాడినట్టు గుర్తించారట, అందుకని వారంటీ వర్తించదట. ముందు నేనే సరిగా చదవలేదేమో అనుకున్నాను. మా నాన్నకి చదివి వినిపించాను. "మరి దేంట్లో వాడాలో అడగరా" అన్నారాయన. ఆ మాట అడగడానికే ఈ ఉత్తరం.

మాది కోనసీమ జిల్లా ఉప్పలగుప్తం మండలం. నాన్నా నేనూ కలిసి మూడెకరాల చెరువులో వనామి రకం రొయ్యలు వేస్తున్నాం. ఈ పని ఎలా ఉంటుందో మీ ఆఫీసులో తెలియకపోవచ్చు కాబట్టి కాస్త చెబుతాను. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారకముందే. పగలంతా ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రిపూట రొయ్యలతో పాటు దాన్ని పీల్చేసుకుంటుంది. అందుకే రెండు గంటల నుంచి ఎండ పొడ తగిలేదాకా మనిషి గట్టు మీద ఉండాల్సిందే. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, చెక్ ట్రే ఎత్తి మేత తిన్నాయో లేదో చూడాలి. ధనుర్మాసంలో గట్టు మీద గడ్డి మంచుకి ఎంత తడుస్తుందంటే, చెరువులో దిగకపోయినా మోకాళ్ళ దాకా తడిసిపోతాం. ఇన్నేళ్ళూ రబ్బరు చెప్పులతో, పాత రబ్బరు బూట్లతో గడిపేశాం. ఈ ఏడు నాన్నకి షుగర్ ఎక్కువైంది, అరికాళ్ళు తిమ్మిరెక్కి ఉంటున్నాయి. కాళ్ళు తడి లేకుండా చూసుకోమని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అందుకే మీ బూట్లు కొన్నాను.

నవంబరు 24న ఆర్డర్ పెట్టాను, 29న వచ్చాయి. జత 2,499 రూపాయల చొప్పున రెండు జతలు. నాకు ఎనిమిది, నాన్నకి తొమ్మిది సైజు. పెట్టె మీద "నూరు శాతం వాటర్‌ప్రూఫ్", "చలిలోనూ వెచ్చగా, పొడిగా", "గాలి ఆడే లైనింగ్" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆరు నెలల వారంటీ అనీ ఉంది.

డిసెంబరు 17 తెల్లవారుజామున నాలుగున్నరకి నాన్న చెరువు గట్టు మీది మకాం దగ్గరికొచ్చి మంచం మీద కూర్చుని, ఎడమ బూటు తియ్యమని కాలు చాపారు. లాగాను. గ్లాసుడు నీళ్ళు నేల మీద పడ్డాయి. ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తిమ్మిరి వల్ల లోపలికి నీళ్ళొచ్చిన సంగతే ఆయనకి తెలియలేదు. ఎంతసేపు అలా తిరిగారో! సాక్సు తీస్తే పాదమంతా తెల్లగా నాని ముడతలు పడింది, చిటికెన వేలి సందులో చర్మం ఊడింది. అమలాపురం తీసుకెళ్ళి చూపిస్తే ఫంగస్ పట్టిందన్నారు. పౌడరు, పూత మందు రాసిచ్చి, పది రోజులు నీళ్ళలో కాలు పెట్టొద్దన్నారు. ఆ పది రాత్రులూ చెరువు దగ్గర నేనొక్కణ్ణే. ఈ మాట సానుభూతి కోసం చెప్పడం లేదు. షుగర్ ఉన్నవాళ్ళకి కాలి పుండంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది.

మర్నాడే మీకు ఫిర్యాదు పెట్టాను. 24న ఫోటోలు పంపమన్నారు, పంపాను. జనవరి 2న ఇంకో జత కొనుక్కుంటే పది శాతం తగ్గిస్తామని కూపన్ పంపారు. ఈ జత కారుతోందిరా బాబూ అంటే ఇంకో జత కొనుక్కోమన్నట్టుంది. 8న పైన చెప్పిన జవాబు వచ్చింది.

ఇక అసలు సంగతి. బూటు ఎక్కడ కారుతోందో నేనే చూశాను. నాలుగు బూట్లలోనూ పాత పేపరు ముక్కలు కూరి, చీలమండ దాకా నీళ్ళు పోసిన టబ్బులో పావుగంట నిలబెట్టాను. నా జతలో పేపరు పొడిగానే ఉంది. నాన్న కుడి బూటులో మడమ వైపు చెమ్మ తగిలింది, ఎడమ దాంట్లో పేపరు ముద్దయింది. బూటు తిప్పి చూస్తే, పైన రబ్బరుకీ కింద అడుగుభాగానికీ మధ్య ఉన్న నురుగు పొర మడమ దగ్గర చీలి ఉంది. గోటితో గీరితే తడిసిన బిస్కెట్‌లా రాలిపోయింది. పద్దెనిమిది రోజులు వాడిన బూటు అలా అవుతుందా అని అమలాపురంలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన వేలితో నొక్కి చూసి ఒకటే మాటన్నారు. "ఇది వాడి పాడైంది కాదండీ, ఉండి పాడైంది, ఆయ్."

ఆయన చెప్పిందాంట్లో శాస్త్రం ఉంది. మీ పెట్టె మీదే రాసుంది, ఆ పొర పాలియురేతేన్ అని. అందులో ఒక రకం గాల్లో తేమ తగిలే కొద్దీ లోపల్లోపలే విడిపోతుంది. దీన్ని జలవిశ్లేషణ అంటారు. బూటు వేసుకోకపోయినా, వేడీ తేమా ఉన్న గోదాంలో ఏళ్ళ తరబడి పడుంటే చాలు, పైకి నిగనిగలాడుతూ లోపల పుచ్చిపోతుంది. అందుకే తయారైన నెల, సంవత్సరం ముఖ్యం. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఆ వివరం ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల్లోనే ఉంది. మా పెట్టెల మీద ఆ చోట ధర స్టిక్కర్ అంటించి ఉంది. వేడి నీళ్ళ గుడ్డతో తడిపి మెల్లగా ఊడదీస్తే కింద అచ్చు కూడా లేచిపోయింది. ఈ బూట్లు ఎప్పుడు తయారయ్యాయో మీరే చెప్పాలి. బ్యాచ్ నంబరు ఫోటో జత చేశాను.

కారని జత కూడా బాగుందనుకోకండి. రబ్బరు బయటి నీళ్ళని లోపలికి రానివ్వదు, లోపలి చెమటని బయటికి పోనివ్వదు. మనిషి రెండు పాదాల్లో కలిపి సుమారు 2.5 లక్షల చెమట గ్రంథులుంటాయంటారు. చలికాలమైనా నాలుగు గంటలు గట్టు మీద తిరిగితే సాక్సు తడవక ఏం చేస్తుంది? అది గంబూటు గుణం, అందుకు మిమ్మల్ని తప్పు పట్టను. కానీ దాని మీద "గాలి ఆడే" అని ఎలా అచ్చేశారు? గాలి ఆడేది మీ లైనింగేమో కానీ, దాని చుట్టూ ఉన్నది రబ్బరు గోడ!

ఆ లైనింగ్ సంగతీ చెప్పాలి. ముట్టుకుంటే కుందేలు పిల్లలా మెత్తగా ఉంది, మొదటి రోజు మా అమ్మ కూడా మురిసిపోయింది. కానీ దాన్ని లోపల జిగురుతో అంటించేశారు, బయటికి తీసి ఆరేసుకునే వీల్లేదు. మా వైపు చలికాలంలో మంచు విడిచేసరికే ఎనిమిదవుతుంది, గాల్లో చెమ్మ సరేసరి. బోర్లించాను, ఫ్యాను కింద పెట్టాను, పేపర్లు కూరి పూటపూటా మార్చాను. మూడో రోజు వేళ్ళ దగ్గర వత్తితే పులిసిన పిండి వాసనతో నీళ్ళు కారాయి. నిప్పు దగ్గర పెడితే జిగురు ఊడుతుందని మీ కాగితంలోనే రాశారు కదా, అదీ చెయ్యలేదు. ఊడి వచ్చే లోపలి తొడుగొకటి పెట్టి, మార్చుకోడానికి ఇంకొకటిచ్చి ఉంటే ఈ బాధే లేదు.

మీ ప్రతినిధి ఫోన్లో ఇంకో మాటన్నారు. ఇవి మంచు ప్రాంతాల కోసం చేసినవట, "మీ ఏరియాలో చలేముంటుంది సార్" అట. మా బాబాయి సైన్యంలో పనిచేసి రిటైరయ్యారు, రెండు చలికాలాలు లదాఖ్‌లో ఉన్నారు. ఆయనకి చెబితే నవ్వారు. కాళ్ళు పాడవడానికి నీళ్ళు గడ్డకట్టక్కర్లేదట. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో చల్లటి బురదలో రోజుల తరబడి నిలబడ్డ సైనికుల కాళ్ళు, గడ్డకట్టే చలి లేకపోయినా నల్లబడి కుళ్ళాయి. దానికి కందకాల పేరే పెట్టారు, ట్రెంచ్ ఫుట్ అని. మందు కనిపెట్టడం కంటే ముందు పొడి సాక్సులు మార్చుకోమనీ, కాళ్ళకి తిమింగలం నూనె రాసుకోమనీ ఆర్డర్లేశారట. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి, తడిసిన కాలికి మా ఊరి చలే ఎక్కువ. మాకు తెల్లవారుజామున 20 డిగ్రీల లోపుకి దిగుతుంది. మా కాళ్ళు నల్లబడతాయని అనడం లేదు, ఇక్కడ చలే లేదనకండి అంటున్నాను.

బాబాయి దగ్గర నేర్చుకున్నది ఇంకొకటుంది, మీ సైజుల పట్టికలో అది లేదు. నూలు సాక్సు చెమట పీల్చి తడిగుడ్డలా పట్టేసుకుంటుంది, ఉన్ని తడిసినా కాస్త వెచ్చదనం నిలుపుతుంది. కానీ ఉన్ని సాక్సు మందం, దాంతో బూటు బిగుసుకుంటే రక్తం సరిగా ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది. అందుకని సాక్సుతో కలిపి వేళ్ళు ఆడేంత చోటుండే సైజు తీసుకోవాలి. చలి బూట్లు అమ్మేవాళ్ళు ముందుగా చెప్పాల్సిన ముక్క ఇది. ఇప్పుడు నేను రెండు జతల ఉన్ని సాక్సులు సంచిలో పెట్టుకుని, మధ్యలో ఒకసారి కాళ్ళు తుడుచుకుని మార్చుకుంటున్నాను. పాత రబ్బరు బూట్లతోనే మీ వాటికంటే హాయిగా ఉంది.

పండక్కొచ్చిన మా బావ ఈ బూట్లు చూసి, వీటిలో బంతి మొక్కలు పెట్టుకో, ఎలాగూ అడుగున నీళ్ళు పోవడానికి కన్నం ఉంది కదా అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

నేను అడిగేవి ఇవీ. రెండు జతల డబ్బు 4,998 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వాలి, కూపన్ నాకొద్దు. నాన్న మందులకీ డాక్టరు ఫీజుకీ అయిన 1,140 రూపాయలు ఇవ్వాలి, బిల్లులు పంపుతున్నాను. ఈ బ్యాచ్ తయారీ తేదీ రాతపూర్వకంగా చెప్పాలి, అది పాత సరుకైతే మిగతా జతలు అమ్మకం నుంచి తీసెయ్యాలి. పెట్టె మీద "గాలి ఆడే" అన్న మాట తీసెయ్యాలి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఇప్పటికే ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేసుకోవచ్చు, మీ ఊరు రానక్కర్లేదు. అయిదు లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు.

బూట్లు నాలుగూ గోనెసంచిలో వేసి వీధి అరుగు మీద పెట్టాను. మీ కొరియర్ మనిషిని పొద్దున తొమ్మిది తర్వాత పంపండి, అంతకుముందు నేను చెరువు దగ్గరుంటాను. ఎడమ బూటు లోపల ఇంకా ఆరలేదు. దాన్ని విడిగా కవర్లో పెట్టమనండి, లేకపోతే దారిలో మిగతా పార్సిళ్ళు కూడా తడుస్తాయి.

జత చేసినవి: బిల్లు, మెయిళ్ళ నకళ్ళు, మందుల రసీదులు, ఫోటోలు 6.

ఇట్లు,
మీ దగ్గర రెండు జతలు కొన్న వినియోగదారుడు,
ఉప్పలగుప్తం మండలం, కోనసీమ జిల్లా.