ఏ తలనొప్పికో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నరాలకు కరెంటు ఇచ్చే పరికరాల మీద మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు, కానీ ‘తీవ్ర తలనొప్పికి మందుల్లేని వైద్యం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడే ఒళ్ళు మండింది. ఏ తలనొప్పికండీ?

నాది క్లస్టర్ తలనొప్పి. వచ్చిందంటే కుడి కన్ను వెనకాల కాల్చిన ఊచ పెట్టి తిప్పినట్టుంటుంది, ఆ ఒక్క కంట్లోంచే నీళ్ళు, ముక్కు కూడా ఆ వైపే కారుతుంది, గంటా రెండు గంటలూ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూనే ఉంటాను. మైగ్రేన్ వాళ్ళు చీకట్లో కదలకుండా పడుకోవాలనుకుంటారు, మాకేమో కుదురుండదు. నొప్పొస్తే పడుకుంటావా, తిరుగుతావా అని ఈ ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు దొరక్క సైనస్ అన్నారు, పంటి నొప్పన్నారు, చివరికి గట్టి పన్నొకటి పీకించుకున్నాను కూడా.

అసలు జబ్బేంటో తేలాక న్యూరాలజిస్టు చెబితే మెదడు నుంచి మెడ గుండా కిందికి దిగే వేగస్ అనే నరానికి మెడ మీద బయటి నుంచే కరెంటు ఇచ్చే పరికరం వాడాను. జెల్ రాసి, దవడ కింద నాడి కొట్టుకునే చోట ఆనించి, కింది పెదవి ఓ పక్కకి లాగేదాకా పెంచాలి. ఒక్కో విడత రెండు నిమిషాలు. అంత నొప్పిలోనూ అద్దంలో నా వంకర మూతి చూసి నవ్వొచ్చింది. కొన్నిసార్లు నొప్పి మధ్యలోనే దిగిపోయింది, కొన్నిసార్లు ఆక్సిజన్ మాస్కే గతి అయింది.

ఈ తరహా పరికరం గామాకోర్‌కి 2017లో అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది కూడా విడతలుగా వచ్చిపోయే క్లస్టర్‌కే. ఏడాది పొడవునా వదలని రకంలో, వచ్చిన నొప్పిని ఆపడానికి వాడి చూస్తే, ట్రయల్స్‌లో ఉత్తుత్తి పరికరం కన్నా మెరుగని తేలలేదు. మైగ్రేన్‌కి 2018లో ఒప్పుకున్నారు. నుదుటికి అతికించే సెఫాలీ వేరు, అది వేరే నరం మీద పనిచేస్తుంది, మైగ్రేన్ కోసం వచ్చింది. మీరు వీటన్నిటినీ ఒకే గాటన కట్టేశారు.

ఇవి పనికిరావని కాదు నేననేది. గుండె జబ్బుండి ట్రిప్టాన్లనే తలనొప్పి మందులు వేసుకోకూడని వాళ్ళకీ, బిళ్ళలు మింగీ మింగీ ఆ బిళ్ళల వల్లే తలనొప్పి తెచ్చుకున్న వాళ్ళకీ ఇంకో దారి ఉండటం చిన్న విషయమా? కాకపోతే పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మెడ మీద పెట్టుకోకూడదన్న మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు, రేపైనా వేయండి.

- మీ పాత పాఠకుడు