అమ్మకు వెచ్చటి నిద్ర దక్కేలా చేసిన మీ అందరికీ

అమ్మా నేనూ జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కి క్షేమంగా విజయవాడ చేరుకున్నాం. 12,500 అడుగుల శిఖరం మీద అమ్మ నిలబడడానికి కారణం కింది గుడారంలో రాత్రి ఆమెకు పట్టిన నిద్రే. అందుకు సాయపడిన ముగ్గురికి నలుగురిలో చేతులెత్తి నమస్కరించాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మొదట హైదరాబాద్ అన్నయ్య. దుకాణంలో నాకు చూపించిన స్లీపింగ్ బ్యాగు మీద పెద్ద అంకెలతో మైనస్ 18 అని ఉంది. ఫొటో పంపితే, "కొనకమ్మా, లోపల కుట్టిన చీటీ చూపించు" అన్నారు. ఆ చీటీలో మూడు అంకెలున్నాయి. మైనస్ 18 అన్నది ఎక్స్‌ట్రీమ్, అంటే ప్రాణం మాత్రం నిలిచే హద్దు. నిద్రకు చూడవలసిన కంఫర్ట్ అంకె 2 డిగ్రీలే! లిమిట్ అనే మధ్య అంకెను ముడుచుకుని పడుకున్న సగటు పురుషుణ్ణి దృష్టిలో పెట్టుకుని లెక్కిస్తారట, కంఫర్ట్‌ను సగటు స్త్రీని బట్టి లెక్కిస్తారట. అసలే చలికి తట్టుకోలేని అమ్మకు ఏ అంకె చూడాలో ఆయన చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. చివరికి కంఫర్ట్ మైనస్ 8 ఉన్నది తీసుకున్నాం. బాతు నూగు నింపినవి తేలికే గానీ ధర ఎక్కువ, తడిస్తే వెచ్చదనం పోతుంది. మా సామాను కంచర గాడిదలు మోస్తాయి కాబట్టి బరువైనా సింథటిక్‌దే చాలని ఆయనే తేల్చి, మాకు బోలెడు డబ్బు మిగిల్చారు.

రెండో వారు తన చాపలు రెండూ అరువిచ్చిన అక్క. ఒంటి బరువుకు బ్యాగు అడుగుభాగం నలిగిపోతుంది, అక్కడ గాలి నిలవదు, మంచు చల్లదనం నేరుగా వీపుకు తగులుతుంది. అందుకే కింద ఫోమ్ చాప, దాని మీద గాలి నింపే చాప వేసుకోమన్నారు. చాప చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్-విలువ అంటారు; రెండింటి ఆర్-విలువలూ కలుస్తాయి కాబట్టి మంచు మీద ఆ జోడీయే మేలట. ఈ మాట బ్యాగు ఎంపిక కన్నా ముఖ్యమని అక్కడ పడుకున్నాక నాకు గట్టిగా అనిపించింది.

ఇక ఎక్కడం మొదలయ్యే ఊరు సాంక్రీ నుంచి మాతో వచ్చిన గైడు. బ్యాగు వేడిని పుట్టించదు, ఒంటి వేడిని నిలుపుతుందంతే అంటూ అమ్మకు దగ్గరుండి వేడి వేడి పప్పన్నం పెట్టించాడు. పొడి మేజోళ్లు మార్పించి, మూత బిగించిన వేడినీళ్ల సీసా కాళ్ల దగ్గర పెట్టాడు. ముక్కూ నోరూ బయటికే ఉంచమని, లేకపోతే ఊపిరి తేమకు బ్యాగు లోపల చెమ్మగిల్లుతుందని హెచ్చరించాడు. కన్నకొడుకు కూడా అంత ఓపికగా చూసుకోడేమో. అతని మేలు మరచిపోలేను.

అక్కా, చాపలు శుభ్రం చేసి ఆరబెట్టాను, ఆదివారం పంపిస్తున్నాను. బ్యాగును బిగించి చుట్టకుండా పెద్ద నూలు సంచిలో వదులుగా పెట్టి ఉంచాను. ఈ శీతకాలం విజయవాడ నుంచి మంచుకొండలకు వెళ్లేవారు ఎవరైనా ఉంటే మొహమాటపడకుండా అడిగి తీసుకెళ్లండి.